కుడి మోకాలు, పదకొండు నెలలు

హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను ఆటల టీచర్ని. పిల్లలకు కబడ్డీ నేర్పిస్తూ ఒక్కసారిగా పక్కకు తిరిగేసరికి కుడి మోకాలిలో టప్పుమని చప్పుడైంది. లిగమెంటు తెగిందన్నారు. తొడ వెనక కండరం నుంచి కొంత నార తీసి, దాంతో కొత్తది బిగించారు. ఆపరేషన్ ఒక్క పూటలో అయిపోయింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుందని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు.

మూడో నెలకు చేతికర్ర వదిలేశాను. దాంతో అందరి లెక్కలో నాకు నయమైపోయింది. స్పోర్ట్స్ డే దగ్గరపడుతోందని ప్రిన్సిపాల్ వారం వారం ఫోన్ చేసేవాడు. ఫిజియోథెరపీ చేయించే అక్కేమో, నొప్పి లేదని పరుగెత్తితే మళ్లీ తెగుతుందని, తొమ్మిది నెలలైనా ఆగాలని చెప్పేది. నాకు ఆమె మీద కూడా కోపమే. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకొని రోజూ వందసార్లు నొక్కడం నాలాంటి ఆటగత్తె చేసే పనేనా?

ఐదో నెలలో పరకాలలో మా ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్. అందరూ బంతిలో కింద కూర్చుంటే నేను కుర్చీ అడిగాను. మా అత్తమ్మ చెల్లెలు పదిమందిలో అన్నది:

"మంచిగనే నడుస్తాంది గద. పని తప్పించుకునేటందుకు ఇంకెన్ని రోజులు చెప్తది ఈ కాలు ముచ్చట?"

కొందరు నవ్వారు. మా ఆయన తలవంచుకొని అన్నం కలుపుకుంటున్నాడు. ఆమె మాటకంటే ఆయన మౌనమే నన్ను ఎక్కువ మండించింది. ఆమె చెయ్యి పట్టుకొని లోపలి గదిలోకి తీసుకెళ్లాను. తలుపేసి, చీర పైకి లాగి, రెండు తొడలూ చూపించాను. కుడిది సగానికి సగం ఎండిపోయి ఉంది. ఆమె అరచేతిని దానిమీద పెట్టాను.

"పట్టి చూడు చిన్నత్తా. కండ ఏడున్నదో నాకు చెప్పు. ఐదు నెలల సంది దేవులాడుతాన్న."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇట్లున్నదని తనకెవరూ చెప్పలేదని గొణిగింది. అది క్షమాపణ కాదు, నేను అట్లా అనుకోలేదు కూడా.

తిరుగు బస్సులో మా ఆయనతో, నువ్వొక్క మాట మాట్లాడి ఉంటే నేను చీర ఎత్తి చూపించాల్సిన అవసరం వచ్చేది కాదన్నాను. మర్నాటి నుంచి ఆయన ఫిజియోథెరపీకి నా వెంట వచ్చాడు. నేను థాంక్స్ చెప్పలేదు.

స్కూలు వాళ్లు నా జాగాలో ఇంకొకరిని పెట్టుకున్నారు. పదకొండో నెలలో కాజీపేటలో వేరే స్కూల్లో చేరాను. మొదటి రోజు, పిల్లలు రాకముందే గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు పరుగెత్తాను. మోకాలు నిలబడింది, అందరి లెక్కలో మూడో నెలకే నయమైపోయిన మోకాలు. అప్పుడు కూడా సంతోషం కంటే కోపమే ముందొచ్చింది.