కుడి పక్క కమాను

మామ పోయాడన్న కబురు నాకు జెద్దాలో ఒక పాత కారు కింద పడుకుని ఉండగా అందింది. ఫోన్ చేసింది అత్తమ్మ. "మీ మామ పోయిండు అల్లుడా," అని ఒక్క మాటే అన్నది, తరువాత ఏడుపు. నేను కారు కింద నుంచి బయటికి రాలేదు. నా మొహం మీదుగా ఆ కారు వెనక ఇరుసు వేలాడుతోంది, కమాన్లు ఇంకా బిగించలేదు. ఎలాంటివి బిగించాలో చెప్పవలసిన మనిషే మామ.

రక్తసంబంధం ఏమీ లేదు. ఇద్దరివీ జగిత్యాల దిక్కు పక్కపక్క ఊళ్ళు, అంతే. నేను సౌదీకి వచ్చిన మొదటి రోజు గ్యారేజీలో నన్ను "అల్లుడా" అని పిలిచాడు, దాంతో చుట్టరికం ఖాయమైపోయింది. ఆయన కమాన్ మిస్త్రీ. మీలో ఎప్పుడైనా లారీ కిందికి వంగి చూసినవాళ్ళకు తెలిసే ఉంటుంది, ఇరుసు దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఇనుప పట్టీలు, అవే కమాన్లు. లారీలకూ పికప్పులకూ, అరబ్బులు ముద్దుగా దాచుకునే పాత అమెరికా కార్లకూ వాటిని కట్టడమే ఆయన జీవితమంతా చేసిన పని.

ఆ మొదటి రోజే ఒక సౌదీ వచ్చి తన బండి చూపిస్తూ "సుస్తా, సుస్తా" అన్నాడు. ఆయనకు సుస్తీ చేసిందనుకుని నేను పరుగున చల్లటి నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టాను. ఇక్కడ సుస్తా అంటే స్ప్రింగు అని నాకెలా తెలుస్తుంది? మామ నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య కమాన్లకు సుస్తీ అనే పేరు. బండి రాగానే "సుస్తీ ఎట్లున్నదో చూడురా" అనేవాడు. తానేమో జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి పట్టీల మీద ఆనించేవాడు.

నేను పుట్టు పిరికివాణ్ణి. ఆయన పద్ధతి ఒకటి నా ప్రాణం తీసేది. కమాన్లు ఎవరు బిగిస్తే వాళ్ళే మొదటిసారి ఆ బండిలో కూర్చోవాలి. ఒకసారి నేను మెత్తటి కమాన్లు వేసిన కారును మామే నడుపుతూ గట్టిగా తొక్కాడు. ఇంజన్ బలానికి ఇరుసు మెలిపడింది. పట్టీలు వంకరపోయి మళ్ళీ తిన్నబడ్డాయి, వెనక టైర్లు రోడ్డు మీద గంతులు వేశాయి. సీటు కింద ఎవరో సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు. కారు ముక్కు గోడ వైపు తిరిగింది. ఎలాగో ఆపి, "భయమైందా?" అన్నాడు. నేను తలూపాను.

"నాకు సుత అయింది. అయితేనే మంచిది. బోల్టు రెండోపారి చూస్తవు."

భయపడుతూనే పని చెయ్యొచ్చని నాకు నేర్పింది ఆయనే. అందుకు బతికినంతకాలం దండం పెట్టుకుంటాను.

పోయినేడు ఖురూజ్ కొట్టించుకుని, అంటే సౌదీకి చివరి సలాం పెట్టి, ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తరువాత నా సందేహాలన్నీ ఫోన్‌లోనే తీర్చేవాడు.

చివరి సందేహం ఈ కారు గురించే. దీని యజమాని ఒక సౌదీ బడిపంతులు. వారమంతా ఇందులోనే ఆడపిల్లలిద్దర్నీ బడిలో దింపుతాడు, సెలవు వస్తే రేసు ట్రాక్ మీద పరుగెత్తిస్తాడు. ఈ మధ్య బలమైన ఇంజన్ వేయించాడు. మెత్తటి కమాన్లు వేస్తే టైర్లు గంతులేస్తాయి. లారీకి కట్టినట్టు గట్టివి కడితే పిల్లల ఒళ్ళు హూనమవుతుంది. ముందు సగం గట్టిగా, వెనక సగం మెత్తగా ఉండే పట్టీల కట్టలు కావాలన్నంత వరకు నాకూ తెలుసు. కానీ అంత బలానికి కుడి టైరు తేలిపోతుంది. దాన్ని నేలకు అదమడానికి కుడి పక్క ఒక పట్టీ ఎక్కువ వెయ్యాలా? వేస్తే మామూలు రోడ్డు మీద కారు ఒక పక్కకు లాగదా? నేను తప్పు చేస్తే ఆ వెనక సీటులో ఎవరుంటారో తలుచుకున్నకొద్దీ నాకు అన్నం దిగలేదు. మామకు వాయిస్ మెసేజ్ పెట్టాను. "ఈ సుస్తీకి కుడి పక్కకు ఒకటి ఎక్కువ ఎయ్యాల్నా మామా?"

కొన్నాళ్ళకు అత్తమ్మ దగ్గర నుంచి వాయిస్ వచ్చింది. గ్యారేజీలో నా పక్కన గ్రైండర్ మోగుతోంది. "సుస్తీ" అన్న మాటా, "నీతోని మాట్లాడుతనంటుండు" అన్న మాటా చెవిన పడ్డాయి. జవాబు దొరికింది కాబోలు, పని అయ్యాక తీరిగ్గా ఫోన్ చేద్దామనుకున్నాను. ఆ తీరిక దొరికేలోపే ఆయన పోయాడు. తరువాత మళ్ళీ వింటే మొదటి ముక్క స్పష్టంగానే ఉంది. "మీ మామకు బాగ సుస్తీ చేసింది అల్లుడా."

షరఫియా పేటలో టీ హోటల్ ముందు మా దిక్కువాళ్ళం నలుగురం కలిసి ఆయన్ని తలుచుకున్నాం. "ఆయన కట్టిన కమాన్ ఇరిగిందని ఎన్నడన్న ఇన్నమా?" అన్నాడు ఒకాయన. అందరూ తలూపారు. నేను కట్టవలసిన కారు మాత్రం ఇంకా జాకీల మీదే ఉంది.

దినాలు అయ్యాక అత్తమ్మకు ఫోన్ చేశాను.

"ఆఖరికి సోయి లేదు బిడ్డా," అన్నది. "కుడి పక్కకు, కుడి పక్కకు అన్నడు. నొస్తుందేమోనని కుడి పక్కకు మలిపినం. మల్ల అదే మాట. దిండు మార్చినం, మల్ల అదే. ఏం కావాల్నో సమజ్ కాలేదు."

నాకు సమజైంది. అయిందనుకున్నాను. మంచాన పడ్డ మనిషి నిజంగానే పక్కకు తిరగాలనుకుని కూడా ఆ మాట అనొచ్చు.

"నేనడిగినదానికి జవాబేమో అత్తమ్మా," అని కారు సంగతి చెప్పాను.

ఆమె దాన్ని నాచేత రెండోసారి చెప్పించుకుంది. "అట్లయితే అదే ఎయ్యి," అన్నది.

వేశాను. ప్రతి బోల్టూ రెండోసారి చూశాను, మూడోసారీ చూశాను. గ్యారేజీల వెనక ఖాళీ రోడ్డు మీదికి కారు తీశాం. పంతులు స్టీరింగు ముందు, నేను మామ పద్ధతి ప్రకారం పక్కన, ఆ కుడి సీటులోనే. వెనక సీటులో పిల్లలు మరిచిపోయిన నీళ్ళ సీసా దొర్లుతోంది.

"సుస్తా తమామ్?" అన్నాడాయన. స్ప్రింగులు బాగున్నాయా అని. నా చెవికది సుస్తీగానే వినబడింది.

"తమామ్," అన్నాను. రెండు చేతులతో సీటు అంచు పట్టుకున్నాను.

ఆయన తొక్కాడు. నేను కళ్ళు మూసుకుని ఆ సుత్తి చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. కారు తిన్నగా దూసుకుపోయి, తిన్నగా ఆగింది.

దిగి వెనక్కి వెళ్ళి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, చెయ్యి తిరగేసి కుడి కమాను మీద ఆనించాను. పంతులు కంగారుగా కిందికి వంగి ఏమైందని అడుగుతున్నాడు. పొద్దంతా ఎండకు కాగిన ఇనుము జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతోంది. నాకు చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.