దాటిన అన్న కబురు

చైనా చూడాలన్నది మా అక్క కోరిక, నాది కాదు. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు భూగోళం చెప్పి రిటైరై, జగదల్‌పూర్‌లో స్థిరపడింది. బోర్డు మీద ఆ దేశం బొమ్మ ఎన్నిసార్లు గీసిందో దానికే తెలియదు. ఇక గీయడం చాలు, ఒక్కసారి కళ్లతో చూడాలంది. ఒంటరిగా పోవడానికి ధైర్యం చాలక తోడుకు నన్ను పట్టుకుంది. మొదట నేను నవ్వేశాను. అడవుల మధ్య కోంటాలో కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషికి చైనా ఏమిటి? కానీ ఒకసారి సరే అన్నాక, నిజం చెప్పొద్దూ, దానికంటే ఎక్కువ పిచ్చి నాకే పట్టింది.

పాస్‌పోర్ట్ విచారణకని ఠాణా నుంచి వచ్చినాయన మా కొట్టు ముందు కుర్చీ వేయించుకుని, "చీనా మే ఆప్‌కా కౌన్ హై?" అని మూడుసార్లు అడిగాడు. ఎవరూ లేరు, ఊరికే చూడ్డానికి పోతున్నానన్నాను. "సిర్ఫ్ దేఖ్‌నే?" అని నా ముఖం చూశాడు, తర్వాత షెల్ఫులో పేర్చిన చైనా చార్జింగ్ టార్చీల వంక చూశాడు. మా ఊళ్లో ఊరికే చూడ్డానికి ఎవరూ ఎక్కడికీ పోరు. పెళ్లికో, చావుకో, ఆసుపత్రికో పోతారు. ఆయన ఏం రాసుకుపోయాడో తెలియక, పాస్‌పోర్ట్ చేతికొచ్చేదాకా నాకు అన్నం సయించలేదు.

రోజూ సాయంత్రం అక్క ఫోన్ చేసి పనులు పురమాయించేది. హోటళ్ల చిరునామాలు వాళ్ల లిపిలో అచ్చువేయించి అట్టలకు అంటించాలి. నా థైరాయిడ్ మాత్రలకు డాక్టరు చేత ఇంగ్లీషులో చీటీ రాయించాలి. అక్కడి పద్ధతిలో ఫోన్‌తో డబ్బు కట్టడం నేర్చుకోవాలి. తెలుగు, హిందీ, దోర్లీ, గోండీ, నాలుగింట్లోనూ గీచి గీచి బేరమాడే నోరు నాది. అక్కడ నోరుండీ మూగదాన్ని. ఆ సంగతి తలుచుకుంటే గుబులుగా ఉండేది, అయినా తట్టుకున్నాను. మనం రోజూ మెసేజులు పంపుకునే యాప్ అక్కడ నడవకపోవచ్చని అక్క ఎక్కడో తెలుసుకుని చెప్పిన రోజున మాత్రం మా ఇంట్లో అగ్గి రాజుకుంది.

ఎందుకో అర్థం కావాలంటే మా రోడ్డు సంగతి చెప్పాలి. కోంటా నుంచి జగదల్‌పూర్‌కు ఒకటే దారి. ఇప్పుడు నున్నగా, వెడల్పుగా ఉంది గానీ, నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ దారిన పోయిన మనిషి ఇంటికి చేరేదాకా నమ్మకం లేదు. నక్సలైట్లు ఒకరోజు రోడ్డు తవ్వేసేవాళ్లు, ఇంకోరోజు చెట్లు కొట్టి అడ్డంగా పడేసేవాళ్లు. అందుకని వ్యాపారస్తుల ఇళ్లన్నింట్లో ఒక అలవాటు పుట్టింది. ప్రయాణంలో ఉన్నవాళ్లు దోర్నపాల్‌లో ఒకసారి, సుక్మాలో, తోంగ్‌పాల్‌లో, దర్భాలో ఒక్కోసారి ఇంటికి ఫోన్ చెయ్యాలి. హలో లేదు, కుశల ప్రశ్నలు లేవు. "దాటిన." అంతే. మా ఆయన వారానికోసారి సరుకు తేవడానికి పోయేవాడు. నేను ఫోన్ పక్కన కూర్చునేదాన్ని. ఆ మాట వినపడితే గానీ నాకు ముద్ద దిగేది కాదు.

"కబురు రాని దేశానికి నేను పంప," అన్నాడు మా ఆయన.

"కబురెందుకు రాదు? అక్కడ నడిచే యాప్ వేరే ఉందట," అన్నాను.

"ఉంటే ఉండనీ. అది నడుస్తదో లేదో ఎవరికి ఎరుక?"

అక్క ఊరుకునే రకం కాదు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నరు. ముందు మన రోడ్డు మీదనే పరీక్ష పెడదాం మరిదీ," అంది ఫోన్‌లో. కొత్త యాప్ మా ముగ్గురి ఫోన్లలో పెట్టించింది. నేను ఒకరోజు బస్సులో జగదల్‌పూర్ వచ్చి, వీసా ఫోటోలు దిగి, బూట్లు కొనుక్కుని తిరిగి వెళ్లాలి. దారి పొడుగునా కబురు ఆ యాప్‌లోనే పంపాలి. మామూలు ఫోన్ ఎవరూ చెయ్యకూడదు, చేసినా ఎత్తకూడదు. చైనాలో ఉన్నామనే అనుకోవాలి.

మా ఆయన అంతా విని, "సరే. అది ఫెయిలైతే టికెట్లు వాపస్. మళ్ల నన్ను అనొద్దు," అన్నాడు. నేనూ సరేనన్నాను. పరీక్ష తప్పితే చైనా లేదు. అంత తెగేసి ఒప్పుకున్నాను.

ముసురు పట్టిన రోజు, పైగా మా ఊరి వారపు అంగడి రోజు. తెల్లవారుతూనే బస్సెక్కాను. దోర్నపాల్ రాగానే 'దాటిన' అని పంపాను. పోయినట్టు చూపించింది, జవాబు లేదు. అంగడి కదా, బేరాల్లో ఉన్నాడనుకున్నాను. సుక్మాలో పంపాను. తోంగ్‌పాల్‌లో పంపాను. అక్కడ ఉండగానే ఆయన మామూలు కాల్ వచ్చింది. నాకు ఒళ్లు మండింది. మూడు గంటలు ఓపిక పట్టలేని మనిషి నాకు షరతులు పెడతాడా? ఎత్తలేదు. దర్భా ఘాట్‌లో మళ్లీ మోగింది. ఫోన్ సంచిలో అడుగుకు తోసేశాను. కావాలనే కాల్ చేసి నన్ను ఓడించాలని చూస్తున్నాడని నా నమ్మకం. ఘాట్ దాటాక నాలుగో మెసేజు మాత్రం క్రమం తప్పకుండా పంపాను.

జగదల్‌పూర్‌లో ఫోటో స్టూడియోలో తెల్లబట్ట ముందు కూర్చున్నప్పుడు వరసగా అయిదుసార్లు మోగింది. చెయ్యి ఫోన్ మీదికి పోయింది. "చైనాలో ఎత్తుతవానే?" అని అక్క కసిరింది. తన ఫోన్ కూడా చూపించింది, అందులోనూ ఆయన కాల్స్ ఉన్నాయి. "నాకూ చేస్తున్నడు. నేను ఎత్తిన్నా?" ముప్పై ఏళ్లు పరీక్ష హాళ్లలో కాపలా కాసిన మనిషి. నేను ఫోన్ మోత ఆపేసి, జగదల్‌పూర్ చేరానని ఇంకో మెసేజు పెట్టి, బూట్ల దుకాణానికి నడిచాను. తర్వాత కాల్స్ ఆగిపోయాయి. గెలిచానని మనసులో కులికాను కూడా. నాకు చెలగాటం, ఆయనకు ప్రాణసంకటం అయిందని నాకేం తెలుసు?

మధ్యాహ్నం బస్సెక్కాక మాత్రం ఏదో తేడాగా అనిపించింది. నా అయిదు మెసేజులకూ ఒక్క జవాబు లేదు. దర్భా దాటాక అక్కను, రూలును పక్కనపెట్టి మామూలు కాల్ చేశాను. అందుబాటులో లేరని వచ్చింది. పక్కింటి బట్టల కొట్టు వదినకు చేశాను.

"ఏందమ్మా నువ్వు ఎక్కడున్నవ్?" అంది. "ఘాట్ల బస్సు పడ్డదని ఎవరో లారీ డ్రైవర్ చెప్పిండు. నీకు ఫోన్ చేస్తే ఎత్తవాయె. మీ ఆయన కొట్టు మూసి ఎవరిదో జీపెక్కి పోయిండు."

అంగడి రోజు కొట్టు మూశాడట. మా మామగారు చనిపోయిన వారంలోనే అంగడి వస్తే ఒక తలుపు రెక్క తెరిచి కూర్చున్న మనిషి. పొద్దున నేను ఘాట్ ఎక్కినప్పుడు ఏ బస్సూ పడలేదు. తర్వాత ఏదైనా పడిందో లేదో తెలియదు. ఆ వానలో, ఆ కంగారులో ఈయన జీపు ఎక్కడుందో అంతకన్నా తెలియదు. కిటికీ ఊచ పట్టుకుని, ఎదురొచ్చే ప్రతి బండినీ చూస్తూ కూర్చున్నాను. నా తిక్క మీద నాకే అసహ్యం వేసింది.

తోంగ్‌పాల్‌లో బస్సు టీకి ఆగింది. దుకాణం రేకుల కింద నిలబడి ఉన్నాడు. కొట్లో వేసుకునే పాత చొక్కా, మోకాళ్ల దాకా బురద. నన్ను చూశాడు. బస్సెక్కి నా పక్కన కూర్చుని టికెట్ తీసుకున్నాడు. కండక్టరు ఇచ్చిన చిల్లర లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన అట్లా చెయ్యడం నేను చూడలేదు.

తిడితే బాగుండుననిపించింది. చివరికి నేనే, "బస్సు సంగతి?" అన్నాను.

"వట్టిదే. లారీ ఒకటి పక్కకు దిగిందట, మనుషులకు ఏం కాలే. తోంగ్‌పాల్‌ల తెలిసింది, నీ బస్సు ఆడ ఆగుతదని నిలబడ్డ."

"యాప్‌ల పంపిన. అయిదు పంపిన. మీకు రాలేదా?"

"సుక్మాల మొబైల్ దుకాణంల చూపించిన. చార్జింగ్ మిగలాలని ఫోనే ఆ యాప్‌ను పండబెట్టిందట. వాడేదో నొక్కంగనే అయిదూ ఒక్కసారే పడ్డయి. దర్భా దాటిన, జగదల్‌పూర్ చేరిన, అన్నీ చదివిన. జవాబు పెట్టేలోపు ఫోన్ చార్జింగ్ అయిపాయె."

నాకు అర్థం కాలేదు. "సుక్మాలనే చదివితే మరి వెనక్కి పోవద్దా? అంగడినాడు ఇంత దూరం ఎందుకొచ్చిండ్రు?"

"నమ్మలే."

"ఏంది నమ్మలే? నేను రాసిందే కదా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "దాటిన అని నేను ఎన్నిసార్లు చెప్పలేదు? టవర్ దొరకదని ముందుగాలనే చెప్పేటోణ్ణి. దర్భాల నిలబడి తోంగ్‌పాల్ దాటిన అనేటోణ్ణి. నువ్వు ఇంత తిని పండుకుంటవని."

నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

"ఒకసారి, బిడ్డ కడుపుల ఉన్నప్పుడు," అన్నాడు, "తోంగ్‌పాల్ దాటిన, సుక్మాల పండుకుని పొద్దుగాల వస్త అని చెప్పిన, యాదికుందా? తోంగ్‌పాల్ రాకముందే చెట్లు అడ్డమేసిండ్రు. నేనూ డ్రైవరూ లారీ కింద పండుకున్నం. రాత్రంతా రోడ్డు మీద ఎవరో నడుస్తనే ఉన్నరు. దగ్గొస్తే నోట్లో గుడ్డ పెట్టుకున్నం."

యాదికుంది. ఆ రాత్రి నేను కడుపునిండా తిని, హాయిగా పడుకున్నాను. పొద్దున ఆయన వస్తే, సుక్మాలో దోమలు బాగా కుట్టినట్టున్నాయే, కళ్లు ఎర్రబడ్డాయని ఎగతాళి చేశాను. ఆయన నవ్వి స్నానానికి పోయాడు. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట మీద ఆనుకుని బతికాను. ఒకవేళ ఆ రాత్రి ఏదైనా జరిగి ఉంటే, లోకంలో అందరికంటే ఆఖరున తెలిసేది నాకే. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏది ముందో తెలియలేదు. బస్సు నిండా జనం ఉన్నారని కూడా చూడకుండా ఆయన భుజం మీద గట్టిగా ఒకటి చరిచాను.

"ఎన్నిసార్లు?" అన్నాను.

"లెక్క పెట్టలే."

"మరి ఇయ్యాల ఎట్లుండె? ఫోన్ పట్టుకుని కూర్చుంటే?"

తనదాకా వస్తే గానీ ఎవరికీ తెలియదు. "నువ్వు వారం వారం ఇట్లనే కూర్చునేదానివా?" అన్నాడు.

సుక్మా పొలిమేర వచ్చింది. పరీక్ష తప్పాం, మాట ప్రకారం టికెట్లు వాపస్. ఆయన ఆ మాట ఎప్పుడంటాడా అని చూస్తున్నాను. అనలేదు.

"పో," అన్నాడు. "కానీ నా లెక్క చెయ్యకు. చేరకముందు చేరిన అనకు."

"అనను. నిలబడ్డ చోటు నుంచే చెప్త. కబురు రాకపోతే నేను ఇంకా చేరలేదనే. మీరు కూర్చోని చూడాలె."

"ఎంతసేపు?"

"చేరేదాక," అన్నాను.