వంకర చాలు

మేమందరం ఆయన్ని ఫైరాయన అనే పిలిచేవాళ్లం. ఏటా ఎండలు ముదరకముందే నూజివీడు ఫైర్ స్టేషన్ నుంచి వచ్చి మా ఊరి మామిడి తోటలన్నీ తిరిగేవాడు. పలకరింపు కన్నా ముందు గుప్పెడు ఎండుటాకులు తీసి మన చెవి దగ్గర నలిపేవాడు.

"చప్పుడు విన్నారా అండీ? ఒక్క బీడీ ముక్క చాలు" అనేవాడు.

మా తోటకీ, మా తోడికోడలి తోటకీ మధ్య నడుమెత్తు ఎండుగడ్డి ఉండేది. మంట పాకకుండా దాన్ని దున్నించాలి. కానీ పంపకాల్లో ఆ హద్దు తేలలేదు. ఎవరు దున్నినా ఆక్రమించారని రెండోవాళ్లు గొడవకు వస్తారు. జానెడు నేల వదిలే మనిషిని కాను నేను. ఆమె నాకన్నా గట్టిది.

ఇద్దరికీ చెప్పి చెప్పి విసిగి, ఒకరోజు ఆయనే ట్రాక్టరెక్కాడు. ఆ చాలు చూసి నాకు ఒళ్లు మండింది.

"ఏంటి నాయనా, పాము పాకినట్టు దున్నావు?"

"తిన్నగా దున్నితే రేపు అదే హద్దంటారండీ మీరు. ఈ వంకర పట్టుకుని ఏ సర్వేయరు దగ్గరికెళ్తారో వెళ్లండి!" అని నవ్వాడు.

కాయ ముదిరే వేళకు ఆయనకు బదిలీ అయింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, అవతలి పొలంలో వరిదుబ్బులు తగలబెడితే నిప్పు ఎగిరి మా తోడికోడలి తోటలో పడింది. మంట దున్నిన నేల దాకా వచ్చి ఆగింది. నా చెట్లకు సెగైనా తగల్లేదు.

"అక్కా! మా మోటారు పనిచెయ్యట్లేదు, మీ బోరు వెయ్యవా!" అని అటునుంచి కేక. పంపకాల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

బోరు వేసి, పైపు లాక్కుంటూ నేనే అటు దాటాను. అది చూడటానికి ఆయన లేకపోయాడే అని ఇప్పటికీ అనిపిస్తుంది.