సొరంగంలో క్లైమాక్సు

గత నెలలో మనవరాలు పట్టుబడితే అరకు రైలెక్కాను. ఇప్పుడు దానికి అద్దాల పెట్టె ఒకటి తగిలించారు. కుర్చీ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, నెత్తి మీద కూడా అద్దమే. పాతికేళ్లు ఆ కొండల్లోనే ఆశ్రమ పాఠశాల పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు ఇవన్నీ కొత్తా అని ఒక కునుకు తీయబోయాను. బొడ్డవర దాటాక సొరంగాలు మొదలయ్యాయి. బండి చీకట్లోకి వెళ్లగానే పెట్టెలో కుర్రకారంతా ఊళలు వేయడం, వెలుతురులోకి రాగానే ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వడం. ప్రతి సొరంగంలోనూ ఇదే తంతు. నేనొక్కణ్ణే కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవడం చూసి, భయమా తాతా అని అడిగింది మనవరాలు. భయం కాదమ్మా, వింటున్నాను అన్నాను. ఏం వింటున్నానో చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి.

మా బావ అంటే మా అక్క మొగుడు. నేను పనిచేసిన బడిలోనే తెలుగు మాస్టారు. అందరూ ఏజెన్సీకి బదిలీ అయితే ఎవరి కాళ్లు పట్టుకుని కిందికి దిగాలా అని చూసేవాళ్లు. బావ కోరి కోరి కొండెక్కాడు, రెండుసార్లు కిందికి బదిలీ వస్తే వద్దని రాసిచ్చాడు. కారణం సినిమా. తొంభైల్లో అరకులో ఏదో ఒక షూటింగు జరగని నెల ఉండేది కాదు. మద్రాసు, హైదరాబాదు వెళ్లి దర్శకుల గుమ్మాల దగ్గర నిలబడే బదులు దర్శకులే వచ్చే చోట కాపురం పెడితే పోలేదా అన్నది బావ లెక్క. లెక్కల మాస్టారిని, నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. ఆ విధంగా నేను కూడా కథారచయితనయ్యాను. కథ బావది, చేతిరాత నాది. గుండ్రంగా రాస్తానని పేరుండడంతో పదకొండు పొడుగు నోటుపుస్తకాలు నా చేతే నింపించాడు.

సినిమావాళ్లకు కథ చదివే అలవాటు లేదని మాకు తర్వాత తెలిసింది. వాళ్లకు నోటితో చెప్పాలి, అదీ పాటలతో, ఫైటింగులతో, కళ్లకు కట్టినట్టు. పదకొండు పుస్తకాలు అటకెక్కాయి. బావ చెప్పేవాడు, నేను పక్కన కూర్చుని చప్పుళ్లు చేసేవాణ్ణి. వాన, గుర్రం, తలుపు కిర్రుమనడం, అన్నిటికంటే ముఖ్యంగా రైలు. కథంతా రైలుతోనే ముడిపడి ఉంటుంది. ముంచింగిపుట్టు సంతలో ఇద్దరు అన్నదమ్ములు చిన్నప్పుడు తప్పిపోతారు. తల్లి ఆ దిగులుతోనే మొదటి రీలులో కన్నుమూస్తుంది. ఒకడు రైలు గార్డు అవుతాడు, రెండోవాడు ఆ రైళ్లనే దోచుకునే దొంగ అవుతాడు. క్లైమాక్సు సొరంగంలో. అక్కడ దీపం ఆరిపోయి రెండు నిమిషాలు తెర మీద ఏమీ ఉండదు, వట్టి చీకటి, గొంతులు మాత్రం వినిపిస్తాయి. రెండు నిమిషాల చీకటిని జనం ఎక్కడ భరిస్తారు బావా అని నేను వాదించేవాణ్ణి. బావ మాత్రం సినిమా మొత్తం ఆ రెండు నిమిషాల కోసమే అనేవాడు.

చిక్కేమిటంటే ఆ రెండు నిమిషాల దాకా వినే మనిషి దొరకలేదు. ఒక దర్శకుడు గెస్టుహౌసు వరండాలో గడ్డం గీయించుకుంటూ విన్నాడు; గడ్డం అయిపోయేసరికి ఇంటర్వెల్ వచ్చింది, ఆయన లేచి స్నానానికి పోయాడు. ఒక నిర్మాత కథ బ్రహ్మాండంగా ఉంది గానీ హీరోకి అన్నదమ్ములు వద్దు అన్నాడు. ఇంకొకాయన మూడో పాట దగ్గర బొంగులో కోడి ఎక్కడ బాగుంటుందని అడిగాడు. మేము చూపించాం, ఆయన తిన్నాడు, కారెక్కాడు. చివరికి మా అక్క కూడా ఎన్నడూ ఇంటర్వెల్ దాటలేదు, అక్కడికి వచ్చేసరికి గోడకు చేరబడి నిద్రపోయేది. బావ ఆశ కూడా క్రమంగా చిక్కిపోయింది. సినిమా తీయకపోయినా ఫరవాలేదు, ఒక్క మనిషి చివరిదాకా వింటే చాలు అనే స్థితికి వచ్చాడు. ఇలా ఏడేళ్లు గడిచాక అక్క ఒకనాడు చింతపండు పిసుకుతూ తేల్చేసింది.

“ఈ ఏసంకాలమే ఆకరు. జూన్‌లో మీరు కిందకి దిగకపోతే ఆ పుస్తకాలు నీళ్లపొయ్యిలోకెల్తాయి.”

ఆ చైత్రంలోనే ఒక పెద్ద దర్శకుడు కాఫీ తోటల్లో పాట తీయడానికి వచ్చాడు. రెండు వానలు పడి కాఫీ పూసింది, లోయంతా మల్లెపూలలాంటి వాసన. ఆయన దగ్గరికి వెళ్లనిచ్చేవాళ్లు లేరు. అప్పుడు తట్టింది బావకు, అక్కడి గిరిజనులు చేసుకునే ఇటుకల పండగ. ఆ పండగలో మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకు వెళ్తారు, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు గడ కట్టి, థింసా నాట్యం ఆడుతూ వచ్చేపోయే బళ్లను ఆపుతారు. ఏదో ఒకటి ఇచ్చుకుంటేగానీ గడ లేవదు, కలెక్టరు బండైనా సరే. మా ఊరి ముందు గడ కట్టే ఆడవాళ్లకు నాయకురాలు మా బడి వంటమనిషి. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నే. దర్శకుడి కారును ఒక అరగంట ఆపమని బావ వెళ్లి బతిమాలాడు. వంటింటి గుమ్మంలో బావ కథను ఇంటర్వెల్ దాకా వందసార్లు విన్న మనిషి, ఊరికే ఒప్పుకోలేదు.

“మేష్టారూ, పతీ సినిమాలోనూ తల్లినే సంపేత్తారు. ఈ తల్లిని బతకనిచ్చీండి. అప్పుడాపుతాం బండి.”

నిర్మాత చెప్పినా కామా మార్చని మనిషి మా బావ. రెండు రోజులు అన్నం సయించలేదు. తల్లి చచ్చిపోవడం మీదే కదా కథ నిలబడింది అని నాతో గొణిగాడు. మూడో రోజు పొద్దున్నే వంటింటికి వెళ్లి, తల్లి బతికింది పిన్నీ అని మాటిచ్చి వచ్చాడు.

కారు ఆగింది. వెనక సీట్లో దర్శకుడు, ముందు సీట్లో ఒడిలో కాగితాల సంచీ పెట్టుకున్న నెరిసిన గడ్డం అసిస్టెంటు. ఇరవై మంది ఆడవాళ్లు ఒకరి నడుమొకరు పట్టుకుని కారు చుట్టూ థింసా ఆడుతుంటే, బావ ఒక కిటికీలోంచి కథ మొదలుపెట్టాడు, నేను రెండో కిటికీలోంచి రైలు మొదలుపెట్టాను. దర్శకుడు మొదట చిరాకుపడ్డాడు గానీ పోయే దారి లేదు, వినసాగాడు. నిజం చెప్పొద్దూ, బావ అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. ఇంటర్వెల్ దాటింది. అంతవరకు ఎవరూ దాటని గట్టు దాటేసరికి నాకు ఆయాసం వచ్చి రైలు కూత కూడా సరిగా పలకలేదు. అప్పుడు దర్శకుడు అడిగాడు, తల్లి బతికే ఉంది కదండీ, వీళ్లిద్దరూ అన్నదమ్ములని ఆవిడే చెప్పేయొచ్చుగా అని.

బావ నా వైపు చూశాడు. ఏడేళ్లలో ఆ ప్రశ్న రాలేదు, ఎందుకంటే ఏడేళ్లూ ఆ తల్లి చచ్చిపోయే ఉంది. నేను కంగారులో వాన చప్పుడు చేశాను. థింసా ఆపి పిన్ని వచ్చి కిటికీలో తల పెట్టింది.

“అడిగితే కదా బాబూ సెప్తాది. మగోళ్లు తల్లినేటైనా అడుగుతారేటి?”

దర్శకుడు పగలబడి నవ్వాడు. ముందు సీట్లో అసిస్టెంటు మాత్రం నవ్వకుండా సంచీలోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తల్లి చెప్పాలా వద్దా అని ఆడవాళ్లలో రెండు పక్షాలు లేచాయి, తెలుగులో కొంత, ఒరియాలో కొంత వాదన నడిచింది. బావ అందరినీ బతిమాలి, బాబూ ఇక సొరంగమే మిగిలింది అంటూండగా, కొండ మీంచి వేటకు వెళ్లిన మగవాళ్లు దిగివచ్చారు. వట్టి చేతులతో వచ్చారు. వేట దొరక్కుండా వచ్చినవాళ్ల మీద పేడనీళ్లు పోయడం ఆ పండగలో ఆడవాళ్ల హక్కు. ఏడాదికోసారి వచ్చే అవకాశం, ఎవరు వదులుకుంటారు? గడ కింద పడేసి ఇరవై మందీ పేడనీళ్ల కుండల కోసం పరిగెత్తారు. డ్రైవరు ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. బావ కారు వెంట సొరంగం, సొరంగం అని అరుస్తూ మలుపు దాకా పరిగెత్తాడు. తిరిగి వచ్చేటప్పుడు పొరపాటున ఎవరో పోసిన పేడనీళ్లు కూడా ఆయన మీదే పడ్డాయి. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

జూన్‌లో బావ విజయనగరం దగ్గరి బడికి దిగిపోయాడు. అక్క పుస్తకాలు పొయ్యిలో పెట్టలేదు. ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచింది. బావ మళ్లీ సినిమా ఊసెత్తలేదు. ఆరేడేళ్లయ్యాక నా పేరిట ఒక కార్డు వచ్చింది. పేరిట అనకూడదు, రైలు చప్పుడు చేసే మాస్టారికి అని ఉంది. పోస్టుమాను అనుమానం లేకుండా నాకే తెచ్చిచ్చాడు. రాసింది ఆ నెరిసిన గడ్డం అసిస్టెంటు. నలుగురు స్నేహితులతో కలిసి పేరున్న నటులెవరూ లేకుండా ఒక చిన్న హాస్య చిత్రం తీశాడట. కొండ మీద ఇద్దరు మాస్టర్లు, కథ చెప్పడానికి దర్శకుల వెంట పడే కథ. మిమ్మల్ని అడక్కుండా తీశాను, మన్నించండి. ఆ రోజు చివరిదాకా వినలేకపోయాను, అందుకే నా సినిమాకూ సరైన చివర దొరకలేదు, అని రాశాడు.

వాకబు చేస్తే, విశాఖలో అది ఒక్క హాల్లో ఆడుతోందని, మర్నాడు తీసేస్తారని తెలిసింది. నేనూ పిన్నీ కిందికి దిగాం, దారిలో బావనూ అక్కనూ వెంటబెట్టుకున్నాం. మ్యాట్నీకి మా నలుగురితో కలిపి పదకొండు మందిమి. తెర మీద బావ వేషం వేసినవాడు మరీ బక్కగా ఉన్నాడు. నా వేషం వేసినవాడి రైలు కూత ఆటోహారన్‌లా ఉంది. తల్లినేటైనా అడుగుతారేటి అన్న మాటకు ముందు వరసలో ఇద్దరు చప్పట్లు కొడితే, పిన్ని చీకట్లోనే కొంగు సర్దుకుంది. మేము పడ్డ పాట్లు అన్నీ ఉన్నాయి. ఇంత నవ్వొచ్చేదా మా బతుకు అని నాకు ఆశ్చర్యం వేసింది, కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. బావ మాత్రం మొదటినుంచీ చివరిదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆఖరున కారు వెళ్లిపోయింది, రోడ్డు మీద ఇద్దరు మాస్టర్లు దుమ్ములో నిలబడ్డారు. తెర నల్లబడింది.

బావ లేచి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి ఆపరేటరు కిటికీ వైపు చూసి, “బాబూ, లైట్లు ఎయ్యకు. రెండు నిమిషాలు” అన్నాడు. ఆపరేటరు ఏమనుకున్నాడో వేయలేదు. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. అర్థమై నేను రైలు మొదలుపెట్టాను, మెల్లగా సొరంగంలోకి పోయే రైలు. బావ చీకట్లో చెప్పుకుపోయాడు. గార్డు, దొంగ కలబడ్డారు, లాంతరు పగిలింది. దెబ్బ తిన్న దొంగ ఊపిరి ఆడక తనకే తెలియకుండా చిన్నప్పటి జోలపాట మొదటి పాదం గొణిగాడు. చీకట్లోంచి గార్డు గొంతు రెండో పాదం అందుకుంది. మా నోటుపుస్తకంలో కథ అక్కడితో సమాప్తం. బావ ఆపలేదు. మూడో పాదం ఇద్దరికీ గుర్తు రావడం లేదు అన్నాడు. నా రైలు ఆగిపోయింది, ఇది నేను రాసింది కాదు. అప్పుడు పక్క కుర్చీలోంచి పిన్ని సన్నగా, వాళ్ల ఒరియాలో, ఏదో జోల ఎత్తుకుంది. తల్లి ఆ రైల్లోనే ఉంది అన్నాడు బావ.

లైట్లు వెలిగాయి. మా అక్క నిద్రపోలేదు. గేటు దగ్గర మనిషి లోపలికి వచ్చి నిలబడి ఉన్నాడు, తర్వాతేటయింది అని అడిగాడు. బావ కళ్లు తుడుచుకుని, “అయిపోయింది బాబూ. అంతే” అన్నాడు. ఆ మూడో పాదం సంగతి ముందే అనుకున్నారా అని నేను ఇద్దరినీ ఎన్నిసార్లో అడిగాను, ఇద్దరూ చెప్పలేదు. ఆ సినిమా ఇప్పుడు ఎక్కడా దొరకదు. పిన్ని పోయి చాలా కాలమైంది. బావకు చెవులు మందగించి, తను చెప్పే కథ తనకే వినిపించడం లేదు.

రెండు నిమిషాల చీకటిని జనం భరించరని వాదించినవాణ్ణి నేనే. మొన్న అద్దాల పెట్టెలో కళ్లు మూసుకుని వింటున్నానా, ప్రతి సొరంగంలోనూ పిన్ని పాడే మూడో పాదం పూర్తయ్యేలోపే వెలుతురు వచ్చేస్తోంది. ఈ వయసులో ఆ చీకటి నాకు ఎంతసేపున్నా చాలడం లేదు.