ఇరవై డ్రమ్ములు

ఆదివారం మధ్యాహ్నం శిరీష టీవీలో క్రైమ్ సీరియల్ ఆరో ఎపిసోడ్ పెట్టింది. బావమరిదికి విషం పెట్టిన ఓ కెమిస్టు శవం పక్కనే కూర్చుని ల్యాబ్ రిజిస్టర్‌లో దొంగ అంకెలు రాస్తున్నాడు. కంగారులో తేదీ తప్పు పడింది. అలవాటు కొద్దీ దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైన తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టాడు. ఆ సంతకమే అతన్ని పోలీసులకు పట్టించింది.

పక్కనే ఉన్న ఆమె భర్త కరుణాకర్ కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నాచారంలో పిల్లల దగ్గుమందు తయారుచేసే కంపెనీలో అతనూ కెమిస్టే.

"ఎవడు రాసిండో గానీ మస్తు రాసిండు! మా తాన గిదే రూలు. తప్పు రాస్తే గీకొద్దు, దిద్దొద్దు. తప్పు కనపడాలె, పక్కన సంతకం ఉండాలె."

"మనిషిని సంపినోడు గీతకు భయపడ్డడా?" శిరీషా నవ్వింది.

"గదే కదా మజా! మనిషిని సంపొచ్చు గానీ రిజిస్టర్ ఖరాబు చెయ్యొద్దు."

అన్నాక తన మాటే తనకు వినిపించింది. నవ్వు సగంలో ఆగింది.

పోయిన నెల, మందులో కలిపే గ్లిజరిన్ ఇరవై డ్రమ్ములు వచ్చాయి. ప్రతి డ్రమ్ములోంచీ కాస్త తీసి, విషం కలిసిందేమో పరీక్ష చెయ్యాలి. నాలుగు డ్రమ్ములు అయ్యేసరికి ఉప్పల్‌లోని ఇంటి నుంచి శిరీష ఫోన్ చేసింది. పాపకు నూటమూడు జ్వరం. నాలుగూ బాగున్నాయి కదా అని, మిగతా పదహారుకీ ఆ అంకెలే కాస్త అటూ ఇటూ మార్చి రాసి, సంతకం పెట్టి పరుగెత్తాడు. ఆ పేజీలో ఒక్క కొట్టివేత లేదు.

లోపల మూడేళ్ళ అమృత దగ్గుతోంది. శిరీష లేచి, అతను కంపెనీ నుంచి తెచ్చిన సీసా మూత తిప్పింది.

"ఆగు!" సీసా లాక్కున్నాడు. అంతా చెప్పాడు.

శిరీష టీవీ బంద్ చేసింది. "ఈ సీసా గా డ్రమ్ములదా?"

"కాదు. పాత బ్యాచ్."

"పాతదానికి ఎన్ని సూసినవ్?"

అతను తల వంచుకున్నాడు. శిరీష అతని చేతిలోంచి సీసా తీసుకుని సింకులో ఒంపేసింది.

మేనేజర్ కనకరాజుకు ఫోన్ చేశాడు. "సార్, పోయిన నెల గ్లిజరిన్ తోని చేసిన బ్యాచ్ ఆపాలె. నేను నాలుగు డ్రమ్ములే సూసిన."

కనకరాజు గొంతు తగ్గించాడు. "మందు లారీ వెళ్ళి పది రోజులైందయ్యా. కాగితం శుభ్రంగా ఉంది. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. పాపకెలా ఉంది?"

జవాబు వినకుండానే పెట్టేశాడు. లారీ ఏ ఊరికి వెళ్ళిందో కరుణాకర్ అడగనే లేదు. మళ్ళీ చేశాడు. స్విచాఫ్. ఇంకోసారి చేశాడు. లోపల అమృత దగ్గుతూనే ఉంది.