నత్తనడక పేజీ

ఫిర్యాదుల విభాగంలో పనిచేసే అక్కది కొన్నాళ్ళుగా ఒకటే సణుగుడు. "మీరు చేసిన ఫిర్యాదుల పేజీ కిందికి జరపబోతే మొరాయిస్తోందే. ఫోన్‌లో తిట్లు మాత్రం నాకు."

అదే కంపెనీలో ప్రోగ్రామర్ అయిన చెల్లెలు మర్నాడే ఆ పేజీని విప్పి చూసింది. బొమ్మలు బరువయ్యాయేమో అనుకుంది. కాదు. పేజీ వెంట్రుకవాసి జరిగినా ఒక కోడ్ ముక్క అడ్డుపడి, ఉద్యోగి మౌస్ ఎంతసేపు కదలకుండా ఉందో రాసుకుంటోంది. అది రాసుకోవడం అయ్యేదాకా తెర కదలడం లేదు.

"దీన్ని పీకేస్తే సరిపోతుందండీ," అంది మేనేజరుతో.

"పీకడానికి కాదమ్మా పెట్టించింది. వాళ్ళకి తెలియకుండా నడిచేలా చూడు," అన్నాడాయన తలెత్తకుండానే.

ఆమె సీటుకొచ్చి, పేజీ జరగడం ఆగాకే ఆ కోడ్ పనిచేసేలా మార్చింది. పాడు పనైనా చక్కగా కుదిరింది. తెర నీళ్ళలా జారింది.

క్యాంటీన్‌లో అక్క టీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. "ప్రాణం లేచొచ్చిందే. ఇప్పుడు మధ్యమధ్యలో మౌస్ వదిలి మణికట్టు నొక్కుకోవడానికైనా తీరిక దొరుకుతోంది."

ఆ తీరిక ఎవరి కంట్లో పడుతోందో చెల్లెలికి తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటపెడితే తన ఉద్యోగం ఊడుతుంది.

"చెయ్యి మౌస్ మీదే ఉంచక్కా," అంది.

"ఎందుకే?"

"ఊరికే," అంది చెల్లెలు.