సాయంత్రం ఆరు దాకా స్కోరు చెప్పొద్దు

మా ఎదురింటి అంకుల్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున, పిల్లల్ని బడికి తయారు చేసే హడావిడిలో అందరం ఉండగా, మా వీధి వాట్సాప్ గ్రూపులో ఆంటీ ఒక్క వాక్యం పెట్టారు. "మీ అంకుల్ ఇగ లేరు."

చెత్తడబ్బాలు ఎప్పుడు బయట పెట్టాలన్న దగ్గర్నుంచి ఎవరింట్లో కరివేపాకు దొరుకుతుందన్న దాకా గలగలా వాగే గ్రూపది. దాన్ని పెట్టింది అంకులే. దానికి ఒకే ఒక్క నియమం, అదీ ఆయన పెట్టిందే. ఆదివారం సాయంత్రం ఆరు గంటల దాకా ఫుట్‌బాల్ స్కోరు ఎవరూ రాయకూడదు. మిగతా ఏ కబురైనా ఎప్పుడైనా రాసుకోవచ్చు. ఆ కబుర్లలో ఇది కూడా ఒకటవుతుందని మేమెవరం అనుకోలేదు.

నాకు ఫుట్‌బాల్ అంటే పెద్దగా గిట్టదు. ముందే చెప్పేస్తే మంచిది. గంటన్నర సేపు పరిగెత్తి ఒక్క గోలూ పడకుండా చేతులు కలుపుకుని వెళ్ళిపోయే ఆటని చూడ్డానికి మనిషికి ఎంత తీరిక ఉండాలి అనుకునేదాన్ని. సిడ్నీలో బ్లాక్‌టౌన్ అవతల కొత్తగా లేచిన ఈ కాలనీలోకి మేం దిగిన రోజున, సామాను లారీ ఇంకా గేటు ముందే ఉండగా, అంకుల్ రోడ్డు దాటి వచ్చారు. పేరడగలేదు, ఊరడగలేదు.

"బిడ్డా, మీరు ఆట జూస్తరా?"

"క్రికెట్ చూస్తామండీ," అన్నాను.

"అయ్యో," అన్నారాయన, పరామర్శకి వచ్చినవాళ్ళు అనే గొంతుతో.

ఆయనది హైదరాబాదు. వాళ్ళ నాన్న పోలీసు శాఖలో ఉంటూ ఫుట్‌బాల్ ఆడినాయన. ఒకప్పుడు దేశం జట్టులో సగం మంది మా గల్లీల్లోంచి పోయినవాళ్ళే అని అంకుల్ తరచూ చెప్పేవారు. మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగినప్పుడు మన జట్టు ఆస్ట్రేలియాని ఇక్కడే, వాళ్ళ గడ్డ మీదే ఓడించిన సంగతి ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. మొదట కోతలనుకున్నాను. తర్వాత చూస్తే నిజమే. "గా తాపకు మనం గెల్చినం. గందుకే నాకు వీసా ఇచ్చిండ్రు, పగ తీర్సుకోనీకె," అని నవ్వేవారు.

ఆయనకి ఐరోపాలో ఒక జట్టు ఉండేది. ఇంగ్లండు ఉత్తరాన ఎక్కడో వానలు పడే ఊరి జట్టు. ఎప్పుడూ కప్పు గెలిచిన పాపాన పోలేదు. ఏటా కింది శ్రేణిలోకి జారిపోతుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆడుతుంది. అంకుల్ సావాసంతో ఫుట్‌బాల్ మొదలుపెట్టిన మా ఆయన ఒక పెద్ద జట్టుకి అభిమాని అయ్యారు. పైసలు కుమ్మరించి ఆటగాళ్ళని కొనే జట్టుని పట్టుకుని గెలిచామని మురవడమేంటని అంకుల్ ఆయన్ని ఆటపట్టించేవారు. "అంగట్ల బర్రెను కొనుక్కొచ్చి, పాలిచ్చింది సూడుర్రి అన్నట్టుంది," అనేవారు.

అక్కడ శనివారం మధ్యాహ్నం ఆడే ఆట మనకి ఆదివారం తెల్లవారుజామున వస్తుంది. అంకుల్ బస్సు డిపోలో డ్రైవర్ల డ్యూటీలు వేసే ఉద్యోగం చేసేవారు. ఆదివారం పొద్దుటి పని ఎప్పుడూ ఆయనదే. అందుకని ఆటని రికార్డు చేసి పెట్టుకుని, సాయంత్రం ఆరింటికి టీ కప్పుతో టీవీ ముందు కూర్చునేవారు. అప్పటిదాకా స్కోరు ఆయన చెవిన పడకూడదు. వీధి వీధంతా దీనికి అలవాటు పడిపోయింది. పెండిల్ హిల్‌లో మేం దోసెలు తెచ్చుకునే హోటల్లో టీవీ వార్తలు నడుస్తుంటే, ఆయన గోడ వైపు తిరిగి నిలబడి పార్సిల్ అందుకునేవారు. మా అమ్మాయి ఎదురైతే "నీ మొఖం జూస్తె తెలుస్తది, అటు తిరుగు పోరీ" అనేవారు. అది "ఐ వోంట్ టెల్, అంకుల్, ఐ ప్రామిస్" అంటూ రెండు చేతులతో ముఖం కప్పుకుని గేటు దాటేది.

"స్కోరు తెల్వనంతసేపు మనం ఓడిపోనట్టే," అనేవారు ఆయన.

కానీ ఆయన ప్రాణమంతా ఇక్కడి ఆట మీదే ఉండేది, అక్కడి ఆట మీద కాదు. మన పడమటి సిడ్నీ జట్టు సొంత మైదానంలో ఆడే ప్రతి ఆటకీ వెళ్ళేవారు. సగం కుర్చీలు ఖాళీగా ఉండే మైదానం అది. విదేశీ జట్ల చొక్కాలు తొడుక్కుని తిరుగుతూ, పది నిమిషాల దూరంలో ఉన్న మైదానానికి రాని మనవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. ఇక్కడి పోటీలో అట్టడుగున మిగిలిన జట్టుకి కూడా ఏ శిక్షా లేదని ఇంకా కోపం. "కిందికి పడతమన్న భయం లేకుంటె ఆటెట్లయితది బిడ్డా? ఆకరున ఉన్నోడు మల్లొచ్చే యేడు గూడ గదే కుర్సీల కూసుంటడు." బాగా ఆడే కుర్రాడు కనిపిస్తే మొదట సంబరపడేవారు, ఆ వెంటనే దిగులు పడేవారు. రెండేళ్ళు తిరక్కుండా వాణ్ణి ఐరోపా వాళ్ళు ఎగరేసుకుపోతారని. "నారు మనం పోస్తం, కోత వాళ్ళు కోస్తరు," అనేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన పోరు పడలేక మేం కూడా వెంట వెళ్ళాం, పెద్ద ఆటకి కాదు, రాష్ట్ర స్థాయి ఆటకి. ఎప్పుడో క్రొయేషియా నుంచి వచ్చిన కుటుంబాలు కట్టుకున్న మైదానం. ఒక పక్క బొగ్గుల మీద మాంసం కాలుతోంది, ఇంకో పక్క మడత కుర్చీల్లో ముసలివాళ్ళు తమ భాషలో రెఫరీని తిడుతున్నారు. అంకుల్ వాళ్ళ మధ్య కూర్చుని తెలుగులో తిట్టారు. ఒకరి తిట్లు ఒకరికి అర్థం కాలేదు గానీ అందరికీ తృప్తిగానే ఉంది. తిరిగి వస్తూ కారులో అన్నారు: "వీళ్ళు ఒచ్చినంక ముందు గ్రౌండు కట్టుకున్నరు. మనం గుళ్ళు కట్టుకున్నం. మంచిదే. గ్రౌండెప్పుడు కడ్తం బిడ్డా?"

ఆంటీకి మొదట్లో ఆట పట్టేది కాదు. ఆయన టీవీ చూస్తుంటే ఆమె లోపల ఫోన్లో చెల్లెలితో మాట్లాడుకునేవారు. ఆడవాళ్ళ ప్రపంచకప్పు ఇక్కడ జరిగిన ఏడాది అంకుల్ ఆమెని బలవంతాన కూర్చోబెట్టారు. ఇక్కడి అమ్మాయిలు పెనాల్టీలు కొట్టేటప్పుడు ఆమె సోఫాలోంచి లేచి, దేవుడి పటం వైపొకసారి టీవీ వైపొకసారి తిరుగుతూ దండాలు పెట్టిందని అంకుల్ నెలల తరబడి చెప్పుకున్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆరింటికి వాళ్ళింట్లో రెండు కుర్చీలు. అంకుల్ జట్టు గోల్ వేస్తే ఆమె అరుపు మా వంటింట్లోకి వినిపించేది. అంకుల్ గొంతు మాత్రం పెద్దగా వినపడేది కాదు. ముసలితనం కాబోలు అనుకున్నాను.

ఈ వేసవి చివర్లో ఆయనకి అన్నం సయించడం మానేసింది. పరీక్షలు చేశారు. ఒక సాయంత్రం చెత్తడబ్బా బయటికి లాగుతూ ఆంటీ కనిపించారు. డబ్బా హ్యాండిల్ వదలకుండా అలాగే నిలబడి చెప్పారు.

"క్యాన్సర్ బిడ్డా. కాలేయం దాక పోయింది. డాక్టరమ్మ ఆయన్నే అడిగింది, 'మీరు ఎంతవరకు తెల్సుకుందామనుకుంటుండ్రు' అని. మీ అంకుల్ నా దిక్కు మర్రిండు. 'ఆమెకు చెప్పుర్రి, నాకు ఆరింటి దాక స్కోరొద్దు' అన్నడు. నవ్విండు గూడ. డాక్టరమ్మకు సమజ్ గాలే. నాకయింది."

అలా ఆ స్కోరు మోసే పని ఆమె మీద పడింది. కొన్ని నెలలు ఉంటారన్నారట. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు దేశానికి ఉత్తరపు కొసన డార్విన్‌లో ప్రభుత్వ ఉద్యోగి. ఆంటీ అతనికి సంగతి చెప్పారు, చెప్పి రావొద్దన్నారు. ఏటా బడి సెలవులకి పిల్లలతో వచ్చేవాడు కాబట్టి, ఈసారీ అప్పుడే రమ్మన్నారు.

"ఇప్పుడే రమ్మనకూడదా ఆంటీ?" అన్నాను.

"ఎట్ల రమ్మంట? సెలవులు గాకుండ వాడు దిగిండంటె, మీ అంకుల్‌కు స్కోరు జెప్పినట్టే గద."

స్కోరు దాచడంలో మా వీధికి ఉన్నంత అనుభవం ఇంకెవరికీ లేదు. అందరం దాచాం. పలకరించడానికి వెళ్ళినవాళ్ళం క్లబ్బుల గురించి, కోచ్‌ల గురించి మాట్లాడి వచ్చేవాళ్ళం. ఆయన సన్నబడిపోయిన మెడకి పడమటి సిడ్నీ జట్టు మఫ్లర్ చుట్టుకుని, వచ్చే సీజన్‌కి ఎవరిని కొనాలో చెప్పేవారు. ఒకరోజు ఆ మఫ్లర్ తీసి మా అమ్మాయి మెడలో వేశారు. "నాకు ఉక్క బోస్తుంది, నువ్వేసుకొని పో ఆటకు," అన్నారు. బయట చలిగాలి మొదలై వారమయింది. ఆంటీకి టీవీలో రికార్డింగ్ పెట్టడం నేర్పించారు. "నాకెందుకయ్యా, నువ్వున్నవ్ గద," అని ఆమె, "నేను నిద్రల ఉంటె ఎట్ల, నేర్సుకో" అని ఆయన. నేనక్కడే ఉన్నాను. ఆమె రిమోట్ అందుకుని, ఏ మీట ఎందుకో అడిగి అడిగి నొక్కారు.

ఆ వ్యాధి బడి సెలవుల దాకా ఆగలేదు. కొడుకు దిగేసరికి అంకుల్ పోయి ఒక రోజయింది.

శ్మశానవాటిక హాల్లో ఒక కార్యక్రమం ముగిసేసరికి ఇంకోటి మొదలవ్వాలి కాబట్టి అంతా త్వరగా అయిపోయింది. బయట టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాం. డిపో నుంచి వచ్చిన ఒక గ్రీకు పెద్దాయన, బస్సు డ్రైవరు, నాతో మాట కలిపాడు. ఆదివారం పొద్దున డిపోలో స్కోర్లన్నీ తమకి అంకుల్ నోటి వెంటే తెలిసేవన్నాడు. గేట్లోకి వస్తూనే ఎవరు గెలిచారో, ఏ గోల్ ఎలా పడిందో వివరంగా చెప్పేవారన్నాడు.

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. ఆయన స్కోరు చూసేవారు కాదే అన్నాను.

అంతకుముందు చెవులు మూసుకునేవారని, ఈ రెండు మూడేళ్ళుగానే మారిపోయారని ఆ పెద్దాయన చెప్పాడు. తనే ఒకసారి అంకుల్‌ని అడిగాడట, ముందే తెలుసుకుని మళ్ళీ ఇంటికెళ్ళి చూడ్డమెందుకని. "మై వైఫ్ హ్యాజంట్ సీన్ ఇట్ యెట్," అన్నారట అంకుల్. ఫలితం తెలిసిపోతే తనకి భయముండదు, భయం లేకపోతే ఆటని చూడక్కర్లేదు, తాపీగా ఆమెని చూడొచ్చు అన్నారట.

వెనక్కి తిరిగితే ఆంటీ నిలబడి ఉన్నారు. ఆమె పక్కన కొడుకు. ఇద్దరూ విన్నారు.

"నాకెర్కనే బిడ్డా," అన్నారు ఆంటీ. "గోల్ పడే ముందే నా దిక్కు మర్రేటోడు. ఇన్నేండ్ల కాపురం, గామాత్రం తెల్వదా? తెల్వనట్టే ఉన్న. ఆయనకదో సంబరం." టీ కప్పు పక్కనున్న గోడ మీద పెట్టారు. "దవాఖానల గూడ గట్లనే మర్రిండు, డాక్టరమ్మ అడగంగనే. గప్పుడే సమజయింది ఆయనకు అంత తెల్సని. ఆయన నాకోసం తెల్వనట్టున్నడు. నేను ఆయన కోసం చెప్పనట్టున్న. మా ఇద్దరి నడుమ వీనికి నాయన మొఖం దొర్కకుంట పోయింది."

కొడుకు తల్లి భుజం మీద చెయ్యి వేశాడు, వెంటనే తీసేశాడు, మళ్ళీ వేశాడు. ఆ క్షణంలో అంకుల్ మీద నాకు కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదంటారు. వచ్చింది. ఆంటీ మీదా వచ్చింది. ప్రేమంటే ఇంత జాగ్రత్తగా కూడా ఉండకూడదేమో అనిపించింది. ఇంటికొచ్చాక ఏడ్చాను.

నిన్న ఆదివారం. కొడుకు ఈ ఉదయమే డార్విన్ వెళ్ళాలి కాబట్టి, చపాతీలు చేసి తీసుకెళ్ళాను. సరిగ్గా ఆరయింది. టీవీ ముందు రెండు కుర్చీలూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆంటీ తన కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఒళ్ళో రిమోట్. అంకుల్ జట్టు ఆట ఆమే రికార్డు చేశారు, మొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా. కొడుకు రెండో కుర్చీలో కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"స్కోరెంత?" అన్నారు ఆమె.

కొడుకు నా వైపు చూశాడు. "అమ్మా, స్కోరు తెలీకుండా చూద్దాం అన్నావ్ కదా. డాడీ ఉంటే…"

"నువ్వు ఫోన్ల జూసినవ్. నాకెర్కే. చెప్పు నాయనా. ఇగ ఈ ఇంట్ల ఎవలం ఎవలికి దాసేది లేదు."

"టూ నిల్," అన్నాడు అతను. "ఓడిపోయారు."

"మనోళ్ళేనా?"

"మనోళ్ళే."

ఆమె తలూపి, ఆట మొదలుపెట్టారు. అక్కడెక్కడో వాన పడుతోంది. కాసేపటికి మనవాళ్ళ కుర్రాడొకడు పక్కనుంచి దూసుకొచ్చి గోల్ వైపు బలంగా తన్నాడు. అది లోపలికి పోదని మా ముగ్గురికీ తెలుసు. అయినా ఆంటీ కుర్చీలోంచి సగం లేచారు. ఆమె ఎడమ చెయ్యి ఎప్పటిలాగే పక్క కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, బంతి బయటికి పోయాక కూడా అక్కడే ఉండిపోయింది.